టూల్ విరిగితే ముందు ఆ ముక్క చూడు

బాబూ,

అల్యూమినియం జాబ్ మీద మళ్లీ ఎండ్ మిల్ (మిల్లింగ్ మెషిన్‌లో తిరుగుతూ లోహాన్ని కోసే టూల్) విరిగిందనీ, భయపడి ఫీడ్ (టూల్ ముందుకు కదిలే వేగం) బాగా తగ్గించేశాననీ రాశావు. చాలామంది చేసేది అదే. అల్యూమినియం దగ్గర మాత్రం అదే కొంప ముంచుతుంది.

విరిగిన ముక్కను ఇకమీదట పారెయ్యకు. భూతద్దం పెట్టి ఫ్లూట్లలోకి, అంటే టూల్ ఒంటి మీద మెలి తిరిగిన గాడుల్లోకి చూడు. తెల్లగా మెరుస్తూ లోహం గట్టిగా అతుక్కుని ఉందా? అయితే టూల్ బలం చాలక విరగలేదు, చిప్స్ (కోసిన లోహపు తునకలు) బయటికి పోయే దారి లేక విరిగింది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడి కోసే అంచుకు అంటుకుంటుంది. ఫ్లూట్ నిండిపోయాక టూల్ కొయ్యదు, నెడుతుంది. విరగక ఏం చేస్తుంది?

ఫీడ్ మరీ తగ్గిస్తే పన్ను (ఒక్కో ఫ్లూట్‌కి ఉండే కోసే అంచు) లోహాన్ని కొయ్యకుండా రుద్దుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. నీ 6 మి.మీ. టూల్‌కి పంటికి 0.04 మి.మీ. నుంచి మొదలుపెట్టు. రెండు ఫ్లూట్లు, 10000 ఆర్‌పీఎం అంటే ఫీడ్ నిమిషానికి 800 మి.మీ. నువ్వు 300లో నడిపితే పంటికి దక్కేది 0.015 మాత్రమే. మెషిన్ తట్టుకోవట్లేదనిపిస్తే కోత లోతు తగ్గించు, లేదా ఆర్‌పీఎం, ఫీడ్ రెండూ కలిపి తగ్గించు. ఫీడ్ ఒక్కటే తగ్గించకు.

స్టీలుకు వాడే నాలుగు ఫ్లూట్ల టూల్‌తో జాబ్‌లో స్లాట్ (పొడవాటి గాడి) కొట్టకు, రెండో మూడో చాలు. కోటింగ్‌లో అల్యూమినియం ఉన్న టూల్ కూడా వద్దు, జాబ్ లోహం దానికి తేలిగ్గా అంటుకుంటుంది. కోటింగ్ లేని, నున్నగా పాలిష్ చేసిన కార్బైడ్ టూల్ మేలు. కూలెంట్ గానీ గాలి గానీ సరిగ్గా కోత మీదే పడాలి. లోతైన స్లాట్‌లో చిప్స్ పైకి ఎగిరి రావడం నీ కంటికి కనబడాలి.

ఫ్లూట్లు శుభ్రంగా ఉండి, కాలెట్ (టూల్‌ని పట్టి ఉంచే బిగింపు) అంచు దగ్గర తెగిందంటే కథ వేరు. టూల్ బయటికి ఎక్కువ వచ్చి ఉంటుంది. ఆ పొడవు సగం చేస్తే వంగడం దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కాలెట్ తుడిచి, డయల్ గేజ్ పెట్టి రన్ అవుట్ (టూల్ తిరిగేటప్పుడు నడిమి తప్పి ఊగడం) కూడా చూడు. ఎప్పుడూ లోపలి మూలలోనే విరిగితే అక్కడ టూల్ రేడియస్ కన్నా పెద్ద వంపు ఇవ్వు. దిగేటప్పుడు విరిగితే నిలువుగా దించకు, ర్యాంప్‌లో, అంటే ఏటవాలుగా దించు.

కొత్త టూల్ బిగించే ముందు స్లాట్‌లో పాత కార్బైడ్ ముక్క ఇరుక్కుందేమో వెతికి తియ్యి. అది తగిలితే కొత్తదీ అక్కడే పోతుంది. ముక్క ఫోటో, ప్రోగ్రామ్‌లో ఏ లైన్ దగ్గర విరిగిందో రాసి పంపు.

మీ పెదనాన్న