తుగ్లక్ ఓరుగల్లు నుంచి వెనుదిరిగింది పుకారు వల్లా, రోగం వల్లా? – సమాధానం

ఖిలా వరంగల్ టూర్ చార్టులో తుగ్లక్ వెనుదిరిగిన తేదీలు కలవట్లేదని, పుస్తకాలు రెండు కారణాలు చెబుతున్నాయని అడిగారు. మీ చార్టులో ఆయన రెండు వేర్వేరు ప్రయాణాలు ఒకటైపోయాయి. అందుకే తేదీలు కలవట్లేదు. ఒక పుస్తకం పుకారు అంది, ఇంకోటి రోగం అంది, రెండూ నిజమే.

అందరూ పొరబడేది పేరు దగ్గర. ఉలుగ్ ఖాన్, ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఒక్కరే. 1325లో గద్దెనెక్కాక పేరు మారింది. ముందు ప్రతి సంఘటన పక్కన "యువరాజా, సుల్తానా" అని రాసుకోండి, తర్వాతే సంవత్సరం వేయండి.

1. 1321, యువరాజు: కోటను ముట్టడించి ఉండగా ఢిల్లీ నుంచి టపా ఆగిపోయింది. తండ్రి, సుల్తాను గియాసుద్దీన్ తుగ్లక్ చనిపోయాడని పుకారు లేచింది. సర్దార్లు ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. యువరాజు దేవగిరికి (నేటి దౌలతాబాద్) తిరుగుముఖం పట్టాడు. ఉత్తరాలు రాకపోతేనే ఇంత పనైంది!

2. 1323, యువరాజు: మళ్లీ వచ్చి గెలిచాడు. బందీగా ఢిల్లీకి వెళ్తూ కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున చనిపోయాడని విలస శాసనం చెబుతుంది.

3. 1335 ప్రాంతం, సుల్తాను: మధురై తిరుగుబాటును అణచడానికి వెళ్తూ ఓరుగల్లులో ఆగాడు. అంటురోగం సైన్యాన్ని ఊడ్చేసింది, తనకూ జబ్బు చేసింది. అక్కడి నుంచే వెనక్కి. చార్టులో "అంటురోగం" అనే ఉంచండి, "ప్లేగు" అని రాయొద్దు.