లోతు చాలని బావిలో కణం ఎందుకు నిలవదు?

నల్లగొండ ఎమ్మెస్సీ విద్యార్థి ప్రశ్న ఇది: ఏకమితిలో ఎంత తక్కువ లోతున్న పొటెన్షియల్ బావికైనా (స్థితిజ శక్తి తగ్గిన చోటుకు) ఒక బద్ధస్థితి (కణం బయటికి పోకుండా చిక్కుకునే స్థితి) ఉంటుంది, మూడు మితుల్లో ఎందుకు ఉండదు?

మన దిక్కు దిగుడుబావిలో పడ్డ రాయి, లోతు తక్కువైనా, తనంతట పైకి రాదు. తరంగం సంగతి వేరు. గోళాకార బావిలో దూరం, తరంగ ప్రమేయాల లబ్ధం (యు) కేంద్రం దగ్గర సున్నా కావాలి. అక్కడి నుంచి సైన్‌లా లేచి, అంచుకు చేరేలోపే శిఖరం దాటి కిందికి వాలాలి. అప్పుడే బయటి క్షీణించే తోకతో అతుకుతుంది. అంటే బావిలో కనీసం పావు తరంగం పట్టాలి; లోతు చాలకపోతే తరంగం పొడవు ఎక్కువై అది పట్టదు. ఏకమితిలో ఆ సున్నా నిబంధన లేదు, కొసైన్ కూడా చెల్లుతుంది. మూడు మితుల్లో కూడా కొసైన్ రాసేసి చాలామంది లెక్క తప్పుతారు.

లోతు ఈ కనీస హద్దుకు కొంచెం తక్కువైతే పరిక్షేపణం (వచ్చిన కణం దారి మళ్లి చెదరడం) విపరీతం. వ్యతిరేక స్పిన్‌ల న్యూట్రాన్, ప్రోటాన్‌లకు బద్ధస్థితి లేదు. బలం పరిధి రెండు మూడు ఫెర్మీలే (ఫెర్మీ అంటే 10⁻¹⁵ మీటర్లు) అయినా, తక్కువ శక్తి దగ్గర పరిక్షేపణం ఎంత బలమో చెప్పే పరిక్షేపణ దైర్ఘ్యం సుమారు −23.7 ఫెర్మీలు.