నాన్నగారి వినికిడి యంత్రానికి ఎఫ్‌డీ తీయాలా, ఈఎంఐ పెట్టాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు, పింఛను లేదు. రెండు చెవులూ సరిగా వినపడవు. జత వినికిడి యంత్రాలకు ఒక షాపులో రూ.1,80,000, ఇంకోచోట రూ.70,000 చెప్పారు. ఖరీదైనది ఈఎంఐలో కొంటే ఆదాయపు పన్ను సెక్షన్ 80డీడీ (మీద ఆధారపడిన, వైకల్యమున్న కుటుంబ సభ్యుల కోసం ఇచ్చే మినహాయింపు) కింద పన్ను కలిసొస్తుందంటున్నారు. నా జీతం నెలకు రూ.62,000. రూ.2 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఏం చేయమంటారు? – ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

జవాబు: పన్ను కోసమైతే ఖరీదైనది అస్సలు వద్దు. 80డీడీ మినహాయింపు ఖర్చును బట్టి పెరగదు. వైకల్యం 40 శాతం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే రూ.75,000, 80 శాతం, ఆపైన అయితే రూ.1,25,000. అదీ పాత పన్ను విధానంలోనే. మీ ఏడాది జీతం రూ.7,44,000, కొత్త విధానంలో రూ.12 లక్షల ఆదాయం వరకు పన్నే పడదు. అంటే పన్నులో మీకు కలిసొచ్చేది ఏమీ లేదు. అయినా సదరం సర్టిఫికెట్‌కు (వైకల్య శాతాన్ని చెప్పే ప్రభుత్వ పత్రం) దరఖాస్తు చేయండి, ప్రభుత్వ పథకాలకు అదే ఆధారం. ఆరోగ్య బీమా మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, చాలా పాలసీలు వినికిడి యంత్రానికి డబ్బివ్వవు.

కొనేముందు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. గులిమి అడ్డుపడినా వినికిడి తగ్గుతుంది. తర్వాత ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించి, అదే రిపోర్టు రెండు షాపుల్లోనూ చూపించి ధర అడగండి.

ఈఎంఐ లెక్క చూడండి: రూ.1,80,000కు 15 శాతం వడ్డీతో 24 నెలలంటే నెలకు దాదాపు రూ.8,730, వడ్డీయే సుమారు రూ.29,500. ఎఫ్‌డీ ముందుగా తీస్తే సాధారణంగా వడ్డీ రేటులో ఒక శాతం వరకే కోత. కావలసినంత మాత్రమే తీయనిస్తారేమో బ్యాంకులో అడగండి. నేనైతే రూ.70,000 జత వైపే మొగ్గుతాను, మిగతాది అత్యవసరానికి ఉండనివ్వండి.

ఆ ధరతోనే ఖర్చు ఆగదు. 312 సైజు బ్యాటరీ వారానికొకటి చొప్పున రెండు చెవులకు ఏడాదికి 104 కావాలి. ఒక్కోటి రూ.40 వేసుకుంటే రూ.4,160, ఐదేళ్లకు రూ.20,800. ఇవి గాలి తగిలితేనే పనిచేస్తాయి: బ్యాటరీ మీది స్టికర్ తీశాక రెండు మూడు నిమిషాలు ఆగి పెట్టాలి. ఒకసారి తీస్తే మళ్లీ అంటించినా బ్యాటరీ తరిగిపోతూనే ఉంటుంది. రాత్రి యంత్రాన్ని సిలికా జెల్ డబ్బాలో పెట్టండి, చెమట తేమే దానికి పెద్ద శత్రువు.

యంత్రం వాడకుండా బీరువాలో పడి ఉండేది ధర వల్ల కాదు, సరిగా అమర్చకపోవడం వల్ల. మౌల్డ్ (చెవిలో ఇమిడే అచ్చు) వదులైతే కీచుమంటుంది, బిగువైతే సొంత గొంతే డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. మూడు నాలుగుసార్లు సరిచేయించాలి. కాబట్టి వారం పది రోజులు ఇంట్లో వాడి చూసే వీలు, ఉచిత ట్యూనింగ్, వారంటీ ఎన్నేళ్లో బిల్లు మీద రాయించండి. ఆ యంత్రాన్ని వేరే ఆడియాలజిస్టు (వినికిడి నిపుణుడు) కూడా ప్రోగ్రామ్ చేయగలరా అని తప్పక అడగండి. కొన్ని యంత్రాల సెట్టింగులు అమ్మినవాళ్ల దగ్గర తప్ప తెరుచుకోవు. ఈలోపు నాన్నగారి ఆండ్రాయిడ్ ఫోన్‌లో లైవ్ ట్రాన్స్‌క్రైబ్ యాప్ వేసి తెలుగు ఎంచుకోండి. ఎదుటివారి మాట అక్షరాల్లో కనిపిస్తుంది, పైసా ఖర్చు లేదు.