పదో తరగతి శాతం చూసి పాపను బడి మార్చాలా?

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా కోసిగి దగ్గర పల్లె. పాప మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిది పూర్తి చేసింది. పేదింటి పిల్లలకు కేంద్రం ఇచ్చే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్‌కు ఎంపికైంది. కానీ మా బడిలో పోయినసారి 19 మంది పది రాస్తే 11 మందే పాసయ్యారు. ఆదోనిలో ఒక ప్రైవేటు స్కూలుకు వంద శాతం వచ్చింది. బస్సుతో కలిపి ఏడాదికి 40 వేలు అడుగుతున్నారు. అప్పు చేసైనా అక్కడ చేర్పిద్దామని నేను, వద్దని మా ఇంటామె. మేం సుగ్గికి (వలస కూలి పనులకు) పోయినప్పుడు పాప వాళ్ల అవ్వ దగ్గర ఉంటుంది. ఏం చేయమంటారు సార్? – ఒక తండ్రి

జవాబు: అయ్యా, ఆ అప్పు ఇప్పుడే చేయకండి. మీ ఇంటామె మాటలో బలముంది.

ముందు ఆ 58 శాతం సంగతి. 19 మందే రాసిన చోట ఒక్కరు అటో ఇటో అయితే శాతం ఐదు దాకా మారిపోతుంది. ఇంకో ముగ్గురు గట్టెక్కి ఉంటే అదే బడికి 74 శాతం వచ్చేది. పైగా ఒక్క సబ్జెక్టు పోయినా ఫెయిల్ కిందే లెక్క. అందుకే హెడ్మాస్టరు గారిని శాతం గురించి కాదు, రెండు విషయాలు అడగండి: తప్పిన ఎనిమిది మంది ఏ సబ్జెక్టులో తప్పారు? డిసెంబరు నుంచి మార్చి దాకా వాళ్లు ఎన్ని రోజులు బడికొచ్చారు? హాజరు పట్టీ ఆయన దగ్గరే ఉంటుంది. మీ వైపు బళ్లలో చాలాసార్లు ఆ పట్టీ చూస్తే ఫలితం ఎందుకలా వచ్చిందో తెలిసిపోతుంది.

మీకు నేను చెప్పాల్సిన పని లేదు. దీపావళి దాటితే ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు, పల్నాడు వైపు బండ్లు కడతారు. తొమ్మిది, పది చదివే పిల్లలంటే చేనులో ఒక కూలి మనిషి కింద లెక్క. ఆడపిల్లయితే గుడారం దగ్గర వంటకు, చిన్నపిల్లల్ని చూసుకోవడానికి. మిరప కోతల రోజుల్లోనే పది పరీక్షలు. నెలల తరబడి పుస్తకం తెరవని పిల్ల పరీక్షకు వారం ముందు వచ్చి కూర్చుంటే ఏ మాస్టారు మాత్రం ఏం చేయగలరు? మీ బడిలో ఆడపిల్లలే ఎక్కువ ఉంటారని నా అంచనా. చాలా పల్లెల్లో మగపిల్లాడిని ప్రైవేటుకు పంపి, ఆడపిల్లను ఊరి బడిలో ఉంచుతారు. ఆ పిల్లల్లో చాలామందికి ఇంట్లో చదువు చెప్పేవాళ్లుండరు. కొందరిది కన్నడం మాట్లాడే ఇల్లు. ఆదోని స్కూల్లో ఉండేది ఏడాదికి 40 వేలు కట్టగలిగిన ఇళ్ల పిల్లలు, జనవరిలోనూ ఊళ్లోనే ఉండే పిల్లలు. మీరు చూస్తున్న రెండు శాతాల మధ్య తేడాలో ఎక్కువ భాగం ఆ ఇళ్ల తేడా. పాఠం చెప్పడంలో తేడా అంత ఉండకపోవచ్చు.

బడికి దూరమైతే ఎంత నష్టమో రాష్ట్రమంతా ఒకసారి చూశాం. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పది పాసైనవారు 94.88 శాతం. కరోనాతో రెండేళ్లు పరీక్షలు జరగలేదు. 2022లో మళ్లీ పెడితే 67.26 శాతం. పరీక్ష తీరు కొంత మారింది, నిజమే. కానీ ఆ ఏడాది రాసిన పిల్లలకు తొమ్మిదో తరగతి సరిగా జరగలేదన్నదే పెద్ద కారణమని నేను నమ్ముతాను. 2025లో అది 81.14కి చేరింది.

వంద శాతం అన్న స్కూలునూ ఒక మాట అడగండి: తొమ్మిదిలో ఎంతమంది ఉండేవాళ్లు, పది ఎంతమంది రాశారు? బలహీనంగా ఉన్న పిల్లల్ని తొమ్మిదిలోనే పంపేసి వంద శాతం తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. ఈ స్కూలు అలా చేసిందని నేననడం లేదు, అడిగి తెలుసుకోమంటున్నాను. ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చిన 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. యూడైస్ ప్లస్ వెబ్‌సైట్లో బడి రిపోర్టు కార్డు తెరిస్తే ఏ తరగతిలో ఎందరు, అమ్మాయిలెందరు, టీచర్లెందరు అన్నీ కనిపిస్తాయి. సెల్లు చూడడం తెలిసిన పిల్లలెవరితోనైనా రెండు బళ్లవీ తీయించండి.

ఇక పాప పోగొట్టుకునేది. ఎన్‌ఎంఎంఎస్ కింద తొమ్మిది నుంచి ఇంటర్ అయ్యేదాకా ఏడాదికి 12 వేలు, నాలుగేళ్లకు 48 వేలు. ప్రైవేటుకు మారితే అది ఆగిపోతుంది. ప్రభుత్వ రెసిడెన్షియల్ బడికి మారినా అంతే. ట్రిపుల్ ఐటీలు మీకు తెలిసే ఉంటాయి: నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం. పదో తరగతి మార్కులతోనే సీటు, ఆరేళ్ల చదువు, చివరికి బీటెక్. హాస్టల్ లేని సర్కారు బడిలో చదివిన పిల్లలకు ఆ ఎంపికలో 4 శాతం అదనంగా కలుపుతారు. ఒక్కో మార్కు తేడాతో సీటు తప్పే చోట అది చాలా పెద్ద సాయం. కాకపోతే పది మొదటిసారికే పాసవ్వాలి. ఎన్‌ఎంఎంఎస్ రాసి నెగ్గిన పిల్లకు ఆ దారి తెరిచే ఉంది.

ఒక్క సందర్భంలో మాత్రం బడి మార్చమంటాను. లెక్కల టీచరు పోస్టు ఖాళీగా ఉండి, ఏడాదంతా ఎవరూ రాకపోతే. అప్పుడు కూడా మొదట పక్క ఊరి సర్కారు హైస్కూలు చూడండి. స్కాలర్‌షిప్ నిలుస్తుంది. లెక్కల మాస్టారు ఉంటే, పాప సందేహాలు తీర్చే తీరిక ఆయనకు దొరుకుతుంది, ఎందుకంటే తరగతిలో ఉన్నది ఇరవై మందే. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిషు, ఎదుటి పేజీ తెలుగు ఉంటుంది కదా. పాప తెలుగు పేజీ చదివి వదిలేస్తోందా, ఇంగ్లిషు పేజీ కూడా చదువుతోందా గమనించమని ఆయన్ను అడగండి.

నాకు దిగులుగా ఉన్నది మీరు చివర్లో ఒక వాక్యంలో చెప్పి వదిలేసిన సుగ్గి గురించి. ఈసారీ పాపను తీసుకుపోకండి, నెల రోజులకని కూడా. అవ్వకు ఒంట్లో బాగోలేకపోతే నీళ్లు, వంట, పశువులు అన్నీ పాప మీదే పడతాయి, బడి మెల్లగా మానేస్తుంది. వలసపోయే ఇళ్ల పిల్లల కోసం ప్రభుత్వ సమగ్ర శిక్ష పథకం వాళ్లు సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. మీ మండలంలో ఈ ఏడాది ఎక్కడ పెడుతున్నారో, అందులో ఉంటే స్కాలర్‌షిప్‌కు ఇబ్బంది ఉండదు కదా అని దసరాకు ముందే ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో అడిగి, పేరు రాయించండి. హెడ్మాస్టరు గారికి మీ సెల్లు నంబరిచ్చి, పాప వరసగా రెండు రోజులు రాకపోతే ఫోన్ చేయమని చెప్పి బయలుదేరండి.