ఆటో రిప్లై అమ్మ నంబరుకి వెళ్లకూడదు

తమ్ముడూ, అమెరికాలో డాలస్ పక్కన రిచర్డ్‌సన్‌లో ఎమ్మెస్‌కి వచ్చి నెల తిరక్కముందే ఫోన్ మోత తట్టుకోలేకపోతున్నానని రాశావు. క్లాసులో ఉండగా ఇంటి నుంచి, లైబ్రరీలో పనిచేస్తుండగా రూమ్మేట్ల నుంచి మెసేజ్‌లు, వాటికి వాటంతట అవే జవాబు వెళ్లేలా ఎలా పెట్టుకోవాలని అడిగావు. పెట్టుకోవడం ఐదు నిమిషాల పని. ఎవరికి పెట్టకూడదో తెలుసుకోవడానికే నాకు ఒక చలికాలం పట్టింది. ముందు అది చెప్తాను. కాస్త ఓపిగ్గా చదువు.

నేను 2012 జూన్‌లో, అక్కడికి దగ్గరే ఉన్న ఇర్వింగ్‌లో దిగాను. ప్రొడక్షన్ సపోర్ట్ ఉద్యోగం, అంటే వాడకంలో ఉన్న సాఫ్ట్‌వేర్ ఆగిపోకుండా చూసే పని. అప్పట్లో తెనాలిలో మా అమ్మ దగ్గర బటన్ల ఫోన్ ఉండేది. ఐదో తరగతి దాకా చదివింది, ఇంగ్లీషు రాదు. ఎదురింటి అమ్మాయి చేత ఒకసారి ఇంగ్లీషు అక్షరాల్లో 'తిన్నావా' అని కొట్టించుకుని, రోజూ రాత్రి తన భోజనం అయ్యాక ఆ పాత మెసేజ్‌నే వెతికి మళ్లీ నాకు పంపేది. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర అంటే ఇక్కడ పొద్దున పది. సరిగ్గా నా మీటింగ్ వేళ. మీటింగ్ అయ్యాక 'తిన్నా' అని కొట్టేవాణ్ని. ఆ అక్షరాల ఆకారం ఆవిడకి కొండగుర్తు. అది చూసి పడుకునేది.

అక్టోబరులో పని ఎక్కువైంది. ఫోన్ మోగినప్పుడల్లా మేనేజరు నా వైపు చూస్తున్నాడని ఒక యాప్ దించుకుని, అందరికీ ఒకటే జవాబు పెట్టాను. 'బిజీగా ఉన్నాను, తర్వాత మాట్లాడతాను' అని ఇంగ్లీషులో. నాకు ఎంతో హాయిగా అనిపించింది.

ఆ రాత్రి అమ్మకి తనకు తెలిసిన గుర్తు కాకుండా ఏదో పొడుగాటి మెసేజ్ వచ్చింది. నాకేమైనా అయిందేమోనని, చీకట్లో ఫోన్ పట్టుకుని వీధి చివర మాస్టారి ఇంటికి వెళ్లి చదివించుకుంది. 'పనిలో ఉన్నాడట, తర్వాత మాట్లాడతాడట అమ్మా' అని ఆయన చెప్పారు. మర్నాడూ అదే మెసేజ్. మూడో రోజు నుంచి పంపడం మానేసింది. నేను గమనించనేలేదు. రెండో ఆదివారం ఫోన్‌లో అడిగితే, "పనిలో ఉన్నానని నువ్వే పెడుతున్నావు కదా నాన్నా, మాటిమాటికీ విసిగించడం ఎందుకని" అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది. అది ఇప్పటికీ మర్చిపోలేను.

అక్కడితో అయిపోలేదు. మా ఆఫీసులో ఖమ్మం వైపు అబ్బాయి ఒకడు శుక్రవారం సాయంత్రం 'వస్తావా, వంట చేస్తున్నాం' అని మెసేజ్ పెట్టేవాడు. వాడికీ నా యంత్రమే జవాబిచ్చేది. నాలుగు శుక్రవారాలు చూసి పిలవడం మానేశాడు. నవంబరులో థాంక్స్‌గివింగ్ పండక్కి నాలుగు రోజులు సెలవు. అపార్టుమెంటులో నేనొక్కణ్నే. పెరుగన్నం, ఆవకాయ, నిశ్శబ్దం. నాలుగు రోజుల్లో ఫోన్ ఒక్కసారి మోగింది, అది కూడా ఫోన్ కంపెనీ బిల్లు మెసేజ్. ఇండియాకి వెళ్లిన ప్రతి ఆటో రిప్లైకి అందులో విడిగా డబ్బులు పడ్డాయి. ఆ డబ్బు సంగతి వదిలెయ్, మళ్లీ సంపాదించుకున్నాను. ఈ దేశంలో మనుషులు దూరమవడానికి గొడవలే అక్కర్లేదు తమ్ముడూ. రెండుసార్లు జవాబు రాకపోతే, నీ తీరిక పాడుచేయకూడదన్న మర్యాదతోనే తప్పుకుంటారు. నాకు అప్పుడు ఇది చెప్పేవాళ్లు లేరు. పడుతూ లేస్తూ నేర్చుకుని, ఇవాళ ఫ్రిస్కోలో సొంతింట్లో పండక్కి ముప్పై మందికి వడ్డిస్తున్నాను. అందుకే ఇంత చెప్తున్నాను.

ఇప్పుడు నీ పని చూద్దాం. నీది ఐఫోన్ అన్నావు. సెట్టింగ్స్‌లో ఫోకస్, అందులో డ్రైవింగ్, అందులో ఆటో రిప్లై. ఎవరికి వెళ్లాలో అక్కడే ఎంచుకోవచ్చు: ఎవరికీ వద్దు, ఈమధ్య మాట్లాడినవాళ్లు, ఫేవరెట్స్, కాంటాక్ట్స్ అందరూ. అందులో ఉన్న ఇంగ్లీషు వాక్యాన్ని మార్చి నీ మాటల్లో రాసుకో. కారు కొనుక్కున్నాక ఇది తప్పక వాడు. నడుపుతూ మెసేజ్ కొట్టడం టెక్సస్‌లో 2017 సెప్టెంబరు 1 నుంచి నేరం. మిగతా వివరాలు రాష్ట్ర ప్రభుత్వ సైట్‌లో ఉంటాయి, చూసుకో.

క్లాసు వేళకైతే ఐఫోన్‌లోనే ఉండే షార్ట్‌కట్స్ యాప్ మేలు. ఆటోమేషన్‌లోకి వెళ్లి, మెసేజ్ ఎంచుకుని, ఎవరి నుంచి వస్తే అన్నది ఇచ్చి, వెంటనే నడిచేలా పెట్టి, సెండ్ మెసేజ్ కలుపు. ఇలా మనిషికో జవాబు రాసుకోవచ్చు. ఇంట్లోవాళ్లకి రాయక తప్పదనుకుంటే, పరీక్ష రోజుకి మాత్రమే, తెలుగులో ఇలా రాయి: 'అమ్మా, క్లాసులో ఉన్నా. అక్కడ పొద్దున ఏడింటికి చేస్తా.' తెలుగు లిపిలో ఒక ఎస్సెమ్మెస్‌కి 70 అక్షరాలే పడతాయి, ఇంగ్లీషుకైతే 160. గుణింతాలూ ఒత్తులూ కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. పైన రాసింది 53, ఒక్క మెసేజ్‌లోనే సరిపోతుంది. వేళ చెప్పావంటే ఆ వేళకి చేసి తీరాలి. అక్కడ పొద్దున ఏడంటే ఇప్పుడు నీకు ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారం గంట వెనక్కి జరిగాక ఏడున్నర. ఆ మార్పు నేను మర్చిపోయిన వారమంతా అమ్మ గంటసేపు ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

వాట్సాప్ వేరే సంగతి. ఐఫోన్ ఫోకస్ జవాబు వాట్సాప్‌కి వెళ్లదు. మామూలు వాట్సాప్‌లో ఈ సదుపాయమే లేదు. వాట్సాప్ బిజినెస్‌లో 'అవే మెసేజ్' అని ఉంటుంది. టైము పెట్టుకోవచ్చు, ఎవరికి వెళ్లకూడదో కూడా చెప్పొచ్చు. కాకపోతే ఒక నంబరు రెండు యాప్‌లలో ఒకదాంట్లోనే నడుస్తుంది. నీ ఇండియా నంబరుని మామూలు వాట్సాప్‌లోనే ఉంచి ఇంటివాళ్లకి వదిలెయ్. ఇక్కడి నంబరుకి కావాలంటే బిజినెస్ పెట్టుకో. ఆండ్రాయిడ్ రూమ్మేట్లకి బయటి యాప్‌లు దొరుకుతాయి కానీ, అవి వచ్చే నోటిఫికేషన్లు చదువుతాయి, కొన్ని ఫోన్లలో బ్యాంకు ఓటీపీలతో సహా. నేనైతే వద్దంటాను. తెలియని నంబర్లకి జవాబు అసలు వెళ్లనివ్వకు, మోసగాళ్లకి నీ నంబరు వాడకంలో ఉందని తెలిసిపోతుంది. మోసపు మెసేజ్‌లు వస్తే, ఇక్కడి ఫోన్ కంపెనీలు అలాంటి ఫిర్యాదులకే పెట్టిన 7726 నంబరుకి ఫార్వర్డ్ చేసి చెరిపెయ్.

ఎవరికి ఏ జవాబు పెట్టినా, సాయంత్రం పది నిమిషాలు కూర్చుని ఆ రోజు యంత్రం ఎవరెవరికి జవాబిచ్చిందో చూడు. వాళ్లందరికీ నువ్వే మళ్లీ రాయి. శుక్రవారం పూట పిలిచినవాళ్లకైతే రాయడం కాదు, ఫోనే చెయ్యి. అన్నీ పెట్టేశాక రూమ్మేట్ ఫోన్ నుంచి ఒక మెసేజ్ కొట్టించి సరిచూసుకో. ఇప్పటికే ఇంటివాళ్ల నంబర్లకి ఏదైనా పెట్టేసి ఉంటే, పడుకునేముందు తీసేసి మీ అమ్మగారికి ఒక ఫోన్ కొట్టు. అప్పటికి అక్కడ తెల్లారి ఉంటుంది.