ఎలుకకు టెన్షన్ తగ్గిందని నీకెవరు చెప్పారు?

చిరంజీవి సౌజన్యకు,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. "మందు ఇచ్చాక చిట్టెలుకకు టెన్షన్ తగ్గింది" అని మొదలుపెట్టావు. తగ్గిందని ఎలుక నీతో చెప్పిందా?

కోప్పడకమ్మా. కొత్తలో నేనూ ఒక ల్యాబ్ చూసొచ్చి "ఎలుకకు ధైర్యమొచ్చింది" అని శీర్షిక పెట్టాను. ఆ ప్రయోగం చేసినావిడ ఫోన్ చేసి, "మేం లెక్కపెట్టింది సెకన్లండీ, ధైర్యం మీకెక్కడ కనిపించింది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

నువ్వు చూసిన పరీక్షనే తీసుకో. నేలకు దాదాపు అర మీటరు ఎత్తున, ప్లస్ గుర్తులా నాలుగు దారులు. రెండింటికి గోడలుంటాయి, రెండింటికి ఉండవు. ఎలుకను నడిమధ్య వదిలి ఐదు నిమిషాలు చూస్తారు. గోడల్లేని వైపు ఎన్నిసార్లు వెళ్లింది, ఎంతసేపుంది, అదే లెక్క. మన వంటింట్లో లైటేస్తే ఎలుక గోడ వారనే పరుగెడుతుంది కదా, ఈ పరీక్షకు ఆధారం ఆ గుణమే. పెద్ద ఎలుకల మీద 1985లో, చిట్టెలుకల మీద 1987లో దీన్ని సరిచూశారు. ఆందోళన తగ్గించే డయాజెపాం లాంటి మందిస్తే బయట ఎక్కువసేపు తిరుగుతాయి. అయితే మందు వల్ల ఊరికే పరుగు పెరిగినా బయటి లెక్క పెరుగుతుంది. అందుకే గోడలున్న వైపు ఎన్నిసార్లు వెళ్లిందో కూడా చూస్తారు. నీ వ్యాసంలో ఆ ఊసే లేదు.

ఆ ల్యాబువాళ్లు "ఆందోళన లాంటి ప్రవర్తన" అన్నారు. చాదస్తమనుకుని నువ్వు "లాంటి" కొట్టేశావు. వాళ్ల జాగ్రత్తంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

నీ కంటికి కనిపించింది రాయి. వెనక కాళ్లు గోడల మధ్యే ఉంచి, ఒళ్లు రబ్బరులా సాగదీసి, ముక్కు మాత్రం బయట పెట్టి వాసన చూసి, చటుక్కున వెనక్కి లాక్కుంటుంది. దాని పక్కన ఏ విశేషణమూ అక్కర్లేదు.

ఇంకొకటి, మనుషుల సంగతి వదిలేశావు. తోక పట్టి ఎత్తిన చిట్టెలుకలకు ఆందోళన ఎక్కువనీ, గొట్టంలోకి రానిచ్చో దోసిట్లో పట్టుకునో ఎత్తితే తక్కువనీ 2010లో లివర్‌పూల్ పరిశోధకులు చూపించారు. (చూశావా, నేనే "లాంటి" మర్చిపోయాను.) మాంట్రియల్‌లో 2014లో తేలింది ఇంకా విడ్డూరం: మగవాళ్లు తొడిగిన టీషర్టు దగ్గర పెట్టినా ఎలుకల ఒంట్లో ఒత్తిడి పెరిగింది. అమెరికా, కెనడాల్లోని మూడు ఊళ్ల (ఆల్బనీ, ఎడ్మంటన్, పోర్ట్‌లాండ్) ల్యాబులు ఒకే జాతుల ఎలుకలతో, ఒకే రకం పరికరాలతో చేసినా కొన్ని పరీక్షల్లో ఫలితాలు కలవలేదు. 1999 నాటి మాట.

రేపు ఆ ల్యాబుకు మళ్లీ ఫోన్ చెయ్యి. ఎలుకను పంజరంలోంచి ఎవరు తీస్తారో, ఎలా తీస్తారో కనుక్కో. శీర్షిక చివర్లో చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు