కడలి ఒడ్డున తీరిగ్గా ఒక రోజు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అమెరికాలో ఉంటున్న మా అబ్బాయి కుటుంబం సంక్రాంతి సెలవులకు వస్తోంది. ఉష్ణమండలపు సముద్రతీరంలో ఒక రోజంతా తీరిగ్గా గడపాలని పిల్లల కోరిక. అందుకు గోవా వెళ్దామని కోడలు అంటోంది. కిందటిసారి మైపాడు తీసుకువెళితే, పదకొండు గంటలకు చేరి, రెండు గంటలకల్లా ఎండకు కమిలిపోయి చిరాకుపడుతూ తిరిగి వచ్చాము. మన తీరంలో అటువంటి రోజు సాధ్యమేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కోవూరు

జవాబు: సాధ్యమే మాస్టారూ. గోవా రాజధాని పణజి, మన ఒంగోలు దాదాపు ఒకే అక్షాంశం మీద, 15.5 డిగ్రీల దగ్గర ఉన్నాయి. నెల్లూరు ఇంకో డిగ్రీ దక్షిణానికే ఉంది. మీ మనవలు అడిగే ఉష్ణమండలంలోనే మీరు కాపురం ఉంటున్నారన్నమాట. తేడా అల్లా దిక్కుది. గోవా తీరం పడమటికి చూస్తుంది, మనది తూర్పుకు చూస్తుంది. అక్కడ సాయంత్రానికి ఉన్న వైభవం ఇక్కడ తెల్లవారుజాముకు ఉంది. పొద్దెక్కాక బయలుదేరినందువల్ల కిందటిసారి మీరు తీరంలో గడపవలసిన సమయాన్ని ఇంట్లోనూ, చెట్టు నీడన గడపవలసిన సమయాన్ని ఇసుకలోనూ గడిపారు.

జనవరిలో మనకు సూర్యోదయం ఆరున్నర దాటాకే అవుతుంది. నెల్లూరు నుంచి మైపాడుకు సుమారు 25 కిలోమీటర్లే కాబట్టి, పిల్లలను మరీ నిద్ర చెడగొట్టి లేపకుండానే తూర్పు ఎర్రబడే వేళకు అక్కడ ఉండవచ్చు. ఆ రెండు మూడు గంటల్లో ఏ కార్యక్రమమూ పెట్టుకోకండి. తడి ఇసుకకు కాస్త పైన, బొటనవేలు దూరేంత రంధ్రం ఒకటి ఎంచుకుని, దానికి రెండు బారల దూరంలో పిల్లలను కదలకుండా కూర్చోమనండి. కొంతసేపటికి కాడల మీద నిలిచిన రెండు కళ్ళు పైకి వస్తాయి. ఆ వెనుక ఇసుక రంగులోనే ఉన్న ఎండ్రకాయ, పిడికెడు తడి ఇసుకను కాళ్ళ మధ్య పొదివి పట్టుకుని గట్టు మీదికి వచ్చి, దాన్ని అవతలికి విసిరి, ఎవరో పిలిచినట్టు గభాలున లోపలికి పోతుంది. ఒక్కసారి చూసిన పిల్లలు పదిసార్లు చూడనిదే లేవరు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చే కాలం కనుక, అదృష్టం ఉంటే ఇసుక మీద ట్రాక్టరు చక్రం పోయినట్టు ఒక జాడ కనిపిస్తుంది. దాన్ని చూడడం వరకే. తవ్వడం, తొక్కడం కూడదు.

తొమ్మిదిన్నరకు నీళ్ళలోంచి బయటికి వచ్చేయాలి. పిల్లలు కమిలిపోయిన కారణం ఎండ ఒక్కటే కాదు. పొద్దెక్కేకొద్దీ నేల నీటికన్నా త్వరగా వేడెక్కుతుంది, నేల మీది గాలి తేలికై పైకి లేస్తుంది, దాని చోటును నింపడానికి సముద్రం మీది చల్లగాలి ఒడ్డుకు వస్తుంది. ఆ గాలి ఒంటికి హాయిగా తగులుతుంటే చర్మం మాడుతున్న సంగతి మనిషికి తెలియదు, రాత్రి చొక్కా విప్పినప్పుడు తెలుస్తుంది. అందుచేత మధ్యాహ్నమంతా సరుగుడు తోపు నీడన చాప పరుచుకుని, పులిహోర, పెరుగన్నం తిని, ఒక కునుకు తీయండి. సరుగుడు ఆకుల్లో గాలి చేసే ఈల వింటూ పడుకోవడం కూడా సముద్రాన్ని అనుభవించడమే. తీరిక అన్న మాటకు అసలు అర్థం ఆ నాలుగైదు గంటల్లోనే ఉందని నా అభిప్రాయం. మూడున్నర దాటాక మళ్ళీ నీటి దగ్గరికి వెళ్ళవచ్చు. కనుమ, ముక్కనుమ రోజులు మాత్రం ఎంచుకోకండి. ఆ రెండు రోజులూ తీరంలో ఇసుక కన్నా జనమే ఎక్కువ కనిపిస్తారు.

ప్రశ్న: మేము కొత్తపట్నం వెళ్ళినప్పుడు, అటూ ఇటూ అలలు విరుగుతున్నా మధ్యలో ఒకచోట నీరు నిమ్మళంగా కనిపించింది. పిల్లలను అక్కడ దింపబోతే ఒక మత్స్యకారుడు గట్టిగా కేకలు వేశాడు. ఆయన అంత కోపగించవలసిన పని ఏముంది?
– గృహిణి, ఒంగోలు

జవాబు: ఆయనకు మీరు రుణపడి ఉన్నారమ్మా. అలలతో ఒడ్డుకు వచ్చిన నీరు ఎక్కడో ఒకచోట నుంచి తిరిగి లోపలికి పోవాలి. అది తరచుగా అడుగున ఇసుక కోసుకుపోయి లోతుగా ఏర్పడిన సన్నని దారి గుండా పోతుంది. అక్కడ లోతు ఎక్కువ కనుక అల విరగదు, పైకి నిమ్మళంగా కనిపిస్తుంది, కాని ఆ నీరు ఏటి ప్రవాహం వలె సముద్రంలోకి లాగుతుంది. నీరు అక్కడ చుట్టూ ఉన్నదానికన్నా ముదురు రంగులో, లేదా ఇసుక కలిసి మడ్డిగా, నురుగు లోపలివైపు కొట్టుకుపోతూ ఉంటే అది ఆ దారేనని అనుమానించాలి. పొరపాటున చిక్కుకున్నవారు ఒడ్డు వైపు ఎదురీదితే అలసిపోయి మునిగిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గిన తరువాత అలలతో పాటు బయటికి రావాలి. ఈత రానివారు మోకాటి లోతు దాటకూడదు, పిల్లల చెయ్యి వదలకూడదు. ఏ చోట దిగవచ్చో ఒడ్డున వల బాగు చేసుకుంటున్న వారిని ఒక్క మాట అడిగితే చాలు, ఆ రోజు నీటి తీరు చెబుతారు.

చాప ఎక్కడ పరచాలన్నదానికి ఒక గుర్తు చెబుతాను. ఎండిన నాచు, గుల్లలు, పుల్లలు ఒక గీతలా పేరుకుని ఉండే చోటు కిందటి పోటు వచ్చి ఆగిన హద్దు. సామాను దానికి ఎగువనే ఉండాలి.

ప్రశ్న: సముద్రంలోకి సూర్యుడు దిగుతున్న ఫోటో తీయాలని ఉంది. మన జిల్లాలో ఏ తీరం బాగుంటుంది?
– డిగ్రీ విద్యార్థి, కావలి

జవాబు: ఏదీ కాదు నాయనా, మన సూర్యుడు మీ వీపు వెనుక, పొలాల మీద అస్తమిస్తాడు. దానికి బదులు పౌర్ణమి సాయంత్రం వెళ్ళండి. సూర్యుడు అటు దిగే వేళకే చంద్రుడు ఇటు నీటి మీద లేస్తాడు, మరునాటికి దాదాపు ముప్పావుగంట ఆలస్యమై బాగా చీకటి పడిపోతుంది కాబట్టి ఆ ఒక్క సాయంత్రాన్ని తప్పిపోనివ్వకండి. కార్తీక పౌర్ణమి నాడు స్నానాల రద్దీలో కెమెరా నిలిపే చోటు దొరకదు కనుక, మరో నెల పౌర్ణమి చూసుకోండి. ఆ రోజు పోటు కూడా ఎక్కువగా వస్తుంది. స్టాండును పైన చెప్పిన గీతకు ఇంకొంచెం ఎగువన పెట్టుకోండి.